లెక్కల సభలో ఆడవాళ్ల పంక్తి

"ఆడపిల్లలకు లెక్కలు రావు" అని మొట్టమొదట అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన సంక్రాంతి నెలలో మా నల్లగొండ వీధుల్లోకి ఒక్కసారి కూడా వచ్చి ఉండడు. తెల్లవారకముందే ఇరవై ఒక్క చుక్క పెట్టి, పదకొండు వచ్చేదాకా సందుచుక్కగా తగ్గించుకుంటూ పోయి, ఎక్కడా గీత తప్పకుండా ముగ్గు పూర్తి చేసే పిల్లకు లెక్క రాకపోవడమేమిటండీ? మా పక్క నేత ఇళ్లలో ఆడవాళ్లు ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకు 9,000 సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మమ్మ పడే ఆ అవస్థ చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

అయినా వీటినెవరూ లెక్కలనరు. లెక్కలంటే బడిలో చెప్పేవే!

మా రోజుల్లో హైస్కూల్లో లెక్కలు రెండు రకాలు. కాంపోజిట్ మాథ్స్, జనరల్ మాథ్స్. మొదటిది తీసుకుంటే కాలేజీలో లెక్కల గ్రూపు దొరికేది. రెండోది తీసుకుంటే ఆ దారి అక్కడికే సరి. "పెండ్లయి పోయే పిల్లకు గా లెక్కలెందుకు సారూ" అని మా నాన్న, "అవును, ఎందుకు లెండి" అని మాస్టారు. నన్ను అడగకుండానే నేను జనరల్‌లో తేలాను. నా స్నేహితురాలు ఒకావిడ, పాలమూరు మనిషి, మొండిది. ఇంట్లో రెండు రోజులు అన్నం మానేసి కాంపోజిట్ సాధించుకుంది. తీరా చూస్తే క్లాసు మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. "లెక్క కష్టమనిపించలేదే. అర్థం కానప్పుడు మెల్లగా అడగడానికి పక్కన మనిషి లేకపోవడమే కష్టమనిపించింది" అని ఇప్పటికీ అంటుంది. తర్వాత లెక్కల లెక్చరరయి రిటైరయింది.

2010 ఆగస్టులో ఒకనాడు ఆమె ఫోన్ చేసింది. "పేపర్ చూశావా? లెక్కల వాళ్ల ప్రపంచ మహాసభ మన హైదరాబాదులోనట!"

1897లో జూరిక్‌లో మొదలైన ఆ మహాసభ మన దేశానికి రావడం అదే మొదటిసారి. ఆగస్టు 19 నుంచి 27 దాకా జరిగింది. దేశదేశాల నుంచి మూడు వేల మందికి పైగా వచ్చారు. అయితే నా స్నేహితురాలి సంబరం దానికి కాదు. అంతకు ముందు 17, 18 తేదీల్లో మహిళా గణితజ్ఞుల అంతర్జాతీయ సభ జరుగుతోందని.

"అక్కడ కూడా మనకు వేరే పంక్తేనా? మగవాళ్లంతా తిని లేచాక, పెళ్లిళ్లలో లాగా?" అన్నాను నేను.

"తేదీలు చూడవే! ఈసారి ముందు మన పంక్తే" అని నవ్వింది.

నవ్వుకే గానీ, వేరే పంక్తి ఎందుకు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. కాస్త చదివితే తెలిసింది. జర్మనీలో ఎమ్మీ నోథర్ అనే మహామేధావి ఉండేది. 1915లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వస్తే, ఆడమనిషికి అధ్యాపక అర్హత ఇవ్వబోమన్నారు. నాలుగేళ్లపాటు ఆవిడ పాఠాలు హిల్బర్ట్ అనే పెద్ద ప్రొఫెసరు పేరు మీదే ప్రకటించారు. పాఠం ఆవిడది, పేరు ఆయనది. జీతం లేనే లేదు! చివరికి 1932 జూరిక్ మహాసభలో ఆవిడ ప్రధానోపన్యాసం చేసింది. ఆ గౌరవం దక్కిన మొదటి స్త్రీ ఆవిడే. మరి రెండో స్త్రీ ఎప్పుడనుకున్నారు? 1990లో, క్యోటోలో, కారెన్ ఉలెన్‌బెక్. నడుమ 58 ఏళ్లు! ఒక పిల్ల పుట్టి, చదివి, ఉద్యోగం చేసి రిటైరయ్యేంత కాలం.

ఈ లోపల ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1971లో అమెరికాలో అట్లాంటిక్ సిటీలో లెక్కల వాళ్ల సభలు జరుగుతుంటే, కొందరు స్త్రీలు అక్కడే కూడి తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. మేరీ గ్రే మొదటి అధ్యక్షురాలు. 1980 నుంచి ఆ సంఘం నోథర్ పేరిట ఏటా ఉపన్యాసం పెట్టించింది. సభలకు వెళ్లలేని చిన్నవాళ్లకు దారి ఖర్చులు సమకూర్చింది. 1994లో ప్రపంచ మహాసభలో కూడా నోథర్ ఉపన్యాసం మొదలైంది. హైదరాబాదులో దాన్ని నార్వే నుంచి వచ్చిన ఇదున్ రైటెన్ చేశారు.

హైదరాబాదు సభలో సంతోషాలు ఇంకా ఉన్నాయి. తమిళనాట పెరిగిన మన పరిమళగారు ప్రధానోపన్యాసకుల్లో ఒకరు. సభకు కొద్దిరోజుల ముందే బెంగళూరులో ప్రపంచ గణిత సంఘం వాళ్లు ఇంగ్రిడ్ డోబెషీని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆ పదవికి తొలి మహిళ ఆవిడే. పతకాలు బహూకరించింది మన రాష్ట్రపతి ప్రతిభా పాటిల్. అందుకున్న నలుగురు ఫీల్డ్స్ విజేతలూ మాత్రం మగవాళ్లే.

లీలావతి సంగతి కూడా వినండి. పెళ్లి ముహూర్తం చూసే నీటి గడియారంలో ఆమె నగలోని ముత్యం జారిపడి, ముహూర్తం తప్పిపోయిందనీ, కూతురి దుఃఖం మరిపించడానికి భాస్కరాచార్యుడు ఆమె పేరుతో గణితగ్రంథం రాశాడనీ ఒక కథ. లెక్కలను జనానికి దగ్గర చేసిన వాళ్లకు ఆమె పేరిట బహుమతి హైదరాబాదులోనే మొదలైంది. 2022 దాకా అది అందుకున్న నలుగురూ, ఏం చెప్పమంటారు, మగవాళ్లే!

కానీ 2014లో సియోల్‌లో, డోబెషీ అధ్యక్షురాలిగా ఉండగానే, ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీకి ఫీల్డ్స్ పతకం వచ్చింది. 1936 నుంచి ఇస్తున్న పతకం ఒక స్త్రీకి దక్కడం అదే మొదలు. ఆవిడ నేలమీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని గీతలు గీస్తూ ఆలోచించేదట. చిన్న కూతురు చూసి, అమ్మ బొమ్మలు వేస్తోందనుకునేదట. అది చదివినప్పుడు నాకు మా వాకిలి ముగ్గే గుర్తొచ్చింది. 2017లో నలభై ఏళ్లకే ఆవిడ పోయింది. మరుసటి ఏడు రియోలో కూడిన మహిళా గణితజ్ఞులు ఆవిడ పుట్టినరోజు మే 12ను గణితంలో స్త్రీల దినంగా ఎంచుకున్నారు. 2022లో ఉక్రెయిన్‌కు చెందిన మరీనా వియాజోవ్‌స్కాకు అదే పతకం వచ్చింది. ఈసారి నిరీక్షణ ఎనిమిదేళ్లే.

మొన్న పాలమూరు వెళ్లాను. మా స్నేహితురాలి వరండాలో సాయంత్రం ట్యూషన్. మగపిల్లలూ ఉన్నారు, ఆడపిల్లలూ ఉన్నారు. కొత్తగా వచ్చిన ఒక పిల్ల గుమ్మం దగ్గర ఒంటరిగా చాప అంచున కూర్చుంది. మా స్నేహితురాలు పాఠం ఆపి, "గట్ల దూరంగ కూసోకు బిడ్డా, ఇటు రా" అని పిలిచి, ఇంకో ఆడపిల్ల పక్కన కూర్చోబెట్టింది. కాసేపటికి ఆ ఇద్దరూ ఒకే నోట్సు మీదికి వంగి గుసగుసలాడుతున్నారు. ఎప్పుడూ క్లాసులో మాటలాడితే ఒప్పుకోని మనిషి, ఆ రోజు వినిపించుకోనట్టే లెక్క చెప్పుకుంటూ పోయింది.