మీసం తియ్యలేదు, చీర కట్టాడు

ఆదోని దగ్గర సంతెకూడ్లూరు. ఊళ్లోకి అడుగు పెట్టకముందే డప్పుల మోత చెవిన పడుతుంది. హోలీ పొద్దు, ఎండ అప్పుడే సుర్రుమంటోంది. వీధి మలుపులో ఎవరో ఆవిడ ఎదురొస్తోందని దారిచ్చి పక్కకు జరుగుతారు. దగ్గరికొచ్చాక చూస్తే ఆవిడకు గుబురు మీసం. తలలో మూరెడు కనకాంబరాలు, చేతినిండా గాజులు, ఎర్రంచు పచ్చ పట్టుచీర, అరచేతిలో నైవేద్యం పళ్లెం. వెనకే భార్య నడుస్తోంది. ఆమె కట్టుకున్నది మామూలు నేతచీర, మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఉన్న నగలన్నీ ఇవాళ మొగుడి ఒంటిమీదికి చేరాయి.

నవ్వొస్తే ఆపుకోనక్కర్లేదు. కాకపోతే వీధి మొత్తానికి నవ్వుతున్నది మీరొక్కరేనని కాసేపటికి తెలుస్తుంది.

ఓ ఇంటి అరుగు మీద ఇంకా కట్టడం పూర్తి కాలేదు. పాతికేళ్ల కుర్రాడు చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. వాళ్ల వదిన మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతోంది. ఆమె పళ్ల మధ్య పిన్నీసు.

"అంత బిగించొద్దు వదినా, ఊపిరాడల్యా."

"మేం దినామూ కట్టుకోల్యా? కదలకు మరిదీ, జారిపోతాండాయి."

పిన్నీసు గుచ్చి, పవిట భుజం మీదికి లాగి, ఒకడుగు వెనక్కి వేసి చూసింది. నచ్చలేదు. కుచ్చిళ్లన్నీ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టింది. పక్కన ఓ పిల్ల అద్దం పట్టుకుని నిలబడింది గానీ, అందులో తన మొహమే చూసుకుంటోంది.

ఇది కాముని పున్నమి. తపస్సు చెడగొట్టాడని శివుడు మూడోకన్ను తెరిచి మన్మథుణ్ణి బూడిద చేశాడు, రతీదేవి వచ్చి మొగుణ్ణి బతికించమని ఏడ్చింది. చాలా ఊళ్లలో ఈ కథలో కాల్చే ఘట్టాన్నే పండగ చేసుకుంటారు, కట్టెలు పేర్చి కాముణ్ణి దహనం చేస్తారు. సంతెకూడ్లూరు మగవాళ్లు రతీమన్మథులిద్దరికీ పూజ చేస్తారు, అదీ ఆడవాళ్లలా సింగారించుకుని. రెండు రోజులు ఇదే పండగ. తాతల నాటి ఆచారం, చేస్తే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. పెళ్లి కుదరాలి, పిల్లలు కలగాలి, ఉద్యోగం రావాలి, పంట చేతికి అందాలి. ఈ పడమటి మండలాల్లో వాన మొహం చాటేస్తే జనం మూటాముల్లె సర్దుకుని సుగ్గికి, అంటే గుంటూరు మిరప కోతల్లాంటి కూలిపనులకు వలస పోవాల్సిందే. అట్లాంటి చోట వానకోసం మొక్కుకున్న మనిషికి చీర కట్టుకోవడం సిగ్గనిపిస్తుందా?

జనంలో పడి మీరూ ముందుకు కదులుతారు. ఒకరి గాజులు మీ మోచేతికి గీసుకుంటాయి. చెమటకు బొట్టు కారి ముక్కు మీదికొచ్చిన పెద్దాయన, నెత్తిమీద పళ్లెంలో బక్షాలు జారకుండా ఒక చేత్తో, చీర తొక్కుకోకుండా రెండో చేత్తో నానా అవస్థ పడుతున్నాడు. "మామా, పవిట!" అని ఎవరో అరిచారు. ఆయన వెనక్కి తిరక్కుండానే సర్దుకున్నాడు.

ఆ కేకే నాకు నచ్చింది. వేషంలో ఉన్నా వరస మరవలేదు. అక్టోబరు 31 వస్తే టోక్యో షిబుయాలో, హాంకాంగ్ లాన్ క్వాయ్ ఫాంగ్‌లో, మన హైదరాబాదు పబ్బుల్లోనూ హాలోవీన్ పేరుతో వేషాలు కడతారు. పట్నంలో వేషం కట్టేది ఆ ఒక్క రాత్రికి ఎవరికీ తెలియని మనిషై తిరగడానికి. సంతెకూడ్లూరులో చీర కట్టినవాణ్ణి వరస పెట్టే పిలుస్తారు. ఎవరి కొడుకో, ఏం మొక్కుకున్నాడో అందరికీ తెలుసు. దాచుకోవడానికేం లేదు.

తిరుపతి గంగమ్మ జాతరలో ఆడవేషాలు చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. కేరళలో కొల్లం జిల్లా కొట్టంకుళంగర గుడిలోనూ మగవాళ్లు చీరలు కట్టి దీపాలు పట్టుకుంటారు. నన్ను ఆశ్చర్యపరిచేది ఈ చుట్టుపక్కలే ఉన్న దేవరగట్టు. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో ఇనుప రింగుల కర్రలతో తలలు పగలగొట్టుకునేదీ ఈ సీమ మగవాళ్లే. అక్కడ రక్తం కారితే పసుపు అద్దుకుని మళ్లీ కర్ర ఎత్తుతారు. ఇక్కడ నలుగురిలో పవిట సర్దుకుంటారు. రెండింటిలో ఏది ఎక్కువ ధైర్యమో చెప్పమంటే నేను రెండోదానికే ఓటేస్తాను.

పూజ చేసుకుని బయటికొచ్చిన ఆ మీసాలాయన నీడలో నిలబడి బక్షం తుంచి మీ చేతిలో పెడతాడు.

"ఏం మొక్కుకున్నావన్నా?"

"పాప పెండ్లి. పోయినేడే అయిపోయిండాది."

"మరి మొక్కు తీరిందిగా. వచ్చే ఏడు కడతావా?"

"కట్టకుండా యాడికి పోతా?" అని చెయ్యి పైకెత్తబోయి ఆగిపోయాడు. "కాకపోతే రైక ఒకటి కుట్టించుకోవాలప్పా. ఇది మా ఇంటామెది, సంకల కాడ పట్టేస్తాంది."