చర్చి పైగోడల కిటికీలు: నోత్రదామ్ గోడ చెప్పే చరిత్ర

మీరు ఒక మధ్యయుగపు పెద్ద చర్చిలోకి ప్రవేశించారనుకోండి. నడుమ పొడవైన, ఎత్తైన మండపం ఉంటుంది. దానికి రెండు వైపులా తక్కువ ఎత్తుగల పక్క నడవలు ఉంటాయి. మధ్య మండపపు గోడలు ఈ నడవల కప్పులను దాటి పైకి లేస్తాయి. ఆ పైభాగంలో వరుసగా అమర్చిన కిటికీలనే ‘క్లియర్‌స్టోరీ’ అంటారు. పక్క నడవల బయటి గోడలలో ఎన్ని కిటికీలు పెట్టినా ఆ వెలుతురు విశాలమైన కట్టడం నడుమకు సరిగా చేరదు. దానిని పైనుంచి తేవడమే ఈ కిటికీల పని.

ఈ పద్ధతి చర్చిలతో మొదలు కాలేదు. ఈజిప్టులోని కర్నాక్ ఆలయంలో 134 స్తంభాల మహామండపం ఉంది. అందులో నడిమి స్తంభాలు మిగిలినవాటి కంటే ఎత్తుగా ఉంటాయి. రెండు ఎత్తుల మధ్య ఏర్పడిన ఖాళీలో రాతి జాలీలు అమర్చి వెలుతురు తెచ్చారు. రోమన్లు బసిలికా అనే సభాభవనాలలో ఇదే పద్ధతిని వాడారు. క్రైస్తవులు తమ తొలి పెద్ద చర్చిలకు బసిలికానే నమూనాగా తీసుకున్నారు. 5వ శతాబ్దంలో రోమ్ నగరంలో కట్టిన శాంతా సబీనా చర్చిలో ఈ పైకిటికీల వరుసను నేటికీ చూడవచ్చు.

కప్పు మారితే గోడ మారింది

ఈ తొలి చర్చిలకు చెక్క కప్పులుండేవి. వాటి బరువు గోడల మీద దాదాపు నిలువుగా పడుతుంది కనుక గోడ పైభాగంలో కిటికీలు తెరవడం కష్టం కాలేదు. 11వ శతాబ్దం నుంచి పశ్చిమ ఐరోపాలో పెద్ద చర్చిలకు రాతి కమాను కప్పులు వేయడం పెరిగింది. రాతి కప్పుకు నిప్పు భయం తక్కువ. అయితే కమాను గోడలను బయటికి నెడుతుంది. ఆ నెట్టుడు తగిలేది సరిగ్గా కిటికీలు ఉండవలసిన చోటనే.

ఈ చిక్కును నిర్మాతలు రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. తూలూజ్‌లోని సెయింట్ సెర్నిన్ చర్చిలో పైకిటికీలను వదులుకున్నారు. 1088లో మొదలైన క్లూనీ మఠం చర్చిలో వాటిని ఉంచారు. 1125లో అక్కడి కప్పులో కొంత భాగం కూలింది. వెలుతురు కావాలంటే అపాయానికి సిద్ధపడాలి, భద్రత కావాలంటే చీకటిని భరించాలి. గోతిక్ శైలి పరిష్కరించవలసి వచ్చిన సమస్య ఇదే.

12వ శతాబ్దంలో మొన తేలిన కమాను, పక్కటెముకల వంటి రాతి పట్టీలున్న కప్పు, ‘ఫ్లయింగ్ బట్రెస్’ ఒకదానికొకటి తోడయ్యాయి. ఫ్లయింగ్ బట్రెస్ అంటే పక్క నడవల కప్పు మీదుగా గాలిలో సాగి, పైగోడను బయటినుంచి ఆనుకునే సగం కమాను. కప్పు నెట్టుడును అది బయటి దిమ్మెలకు చేరవేస్తుంది. స్తంభాల మధ్య గోడకు భారం తగ్గడంతో అక్కడ పెద్ద కిటికీకి చోటు దొరికింది.

నోత్రదామ్, షార్త్ర్

పారిస్‌లోని నోత్రదామ్ నిర్మాణం 1163లో మొదలైంది. మొదట దాని లోపలి గోడలో నాలుగు అంతస్తులుండేవి: కింద కమానుల వరుస, దానిపై వసారా, ఆపైన గుండ్రటి తెరపులు, అన్నిటికంటే పైన చిన్న కిటికీలు. ఇంతలో, 1194 అగ్నిప్రమాదం తరువాత షార్త్ర్ చర్చిని తిరిగి కట్టినవారు వసారా అంతస్తును పూర్తిగా తొలగించారు. అక్కడి పైకిటికీలు కింది కమానులతో దాదాపు సమానమైన ఎత్తుకు పెరిగాయి. కింది కిటికీల రంగుటద్దాలలో చిన్న కథాచిత్రాలు ఎక్కువ. దూరంగా ఉండే పైకిటికీలలో ప్రవక్తలు, పునీతుల పెద్ద బొమ్మలను నింపారు.

షార్త్ర్ ముందు నోత్రదామ్ పాతబడినట్లు కనిపించింది. 1220ల నుంచి అక్కడి గుండ్రటి తెరపులను తీసివేసి, పైకిటికీలను కిందికి పొడిగించారు. ఇందుకోసం వసారా కప్పునూ ఫ్లయింగ్ బట్రెస్‌లనూ కూడా మార్చవలసి వచ్చింది. కిటికీ ఒక్కటే మారదని, దానితో కట్టడమంతా మారుతుందని మీరు ఇక్కడ గమనించాలి.

ఈ పోటీకి హద్దు ఎక్కడో బోవే చర్చి చూపింది. అక్కడ సుమారు 48 మీటర్ల ఎత్తున కప్పు వేశారు. 1284లో దానిలో కొంత భాగం కూలింది. మరమ్మతులో స్తంభాల మధ్య అదనపు స్తంభాలు నిలిపారు. ఆ చర్చి మధ్య మండపం ఎన్నటికీ పూర్తి కాలేదు.

కట్టడాన్ని ఆధారంగా చదవడం

ఇప్పుడు నోత్రదామ్ లోపల చూస్తే, మధ్య మండపమూ అడ్డ మండపమూ కలిసే చోటికి దగ్గరలో పాత గుండ్రటి తెరపులు కనిపిస్తాయి. అవి 12వ శతాబ్దం నుంచి అలాగే మిగిలాయని మీరు అనుకోవచ్చు. నిజానికి అవి 19వ శతాబ్దపు పని. పునరుద్ధరణ చేపట్టిన వయొలె ల్యూ ద్యూక్ పాత తెరపుల ఆనవాళ్లను గుర్తించి, ఆ కొద్ది చోట్ల తొలి రూపాన్ని తిరిగి కట్టించాడు. అంటే చూడటానికి పాతదిగా ఉన్న భాగమే కొత్తది. రాతప్రతిని పరీక్షించినట్లే కట్టడాన్ని కూడా పరీక్షించకపోతే చరిత్ర విద్యార్థి పొరబడే అవకాశం ఉంది.

2019 ఏప్రిల్ 15 నాటి మంటల్లో ఈ చర్చి చెక్క పైకప్పు కాలిపోయి, రాతి కప్పులో కొన్ని భాగాలు కూలాయి. తరువాత ఇంజినీర్లు ఫ్లయింగ్ బట్రెస్‌ల కింద చెక్క చట్రాలు బిగించారు. లోపలి రాతి కప్పు మరింత కూలితే, బయటినుంచి ఆనిన సగం కమానులు గోడను లోపలికి నెట్టవచ్చు. ఎనిమిది శతాబ్దాలుగా ఆ కిటికీలను నిలబెట్టినది ఈ రెండు నెట్టుడుల సమతూకమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చెక్క కప్పు స్థానంలో రాతి కప్పు వచ్చినప్పుడు పైకిటికీలకు ఎదురైన సమస్య ఏమిటి?

2. నోత్రదామ్‌లోని గుండ్రటి తెరపులను 12వ శతాబ్దపు ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చు? కారణాలతో రాయండి.

3. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి గోతిక్ పునరుజ్జీవన శైలికి చెందినది. వీలైతే దానిని దర్శించి, వెలుతురు ఏ ఎత్తునుంచి, ఏ వైపునుంచి లోపలికి వస్తున్నదో పరిశీలించి పది వాక్యాలలో రాయండి.