తెలిసిన పాట, మరో భాష

న్యూజిలాండ్‌లో పెరిగిన వాళ్ళకు డేవ్ డాబిన్ పాటలు తెలియకుండా ఉండవు. సూపర్‌మార్కెట్‌లోనో, రేడియోలోనో, ఎవరి పెళ్ళిలోనో వినిపిస్తూనే ఉంటాయి. ఆయన 1957లో ఆక్లాండ్‌లో పుట్టారు. 1986లో హెర్బ్స్ అనే బృందంతో కలిసి పాడిన ‘స్లైస్ ఆఫ్ హెవెన్’ ఇక్కడ నంబర్ వన్ పాట అయింది. 2005లో ‘వెల్‌కమ్ హోమ్’ వచ్చింది. వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ళకు స్వాగతం చెప్పే పాట అది. అందుకే మా అమ్మానాన్నల లాంటి వాళ్ళకు అది ఇంకొంచెం దగ్గర.

2017లో, అరవై ఏళ్ళ వయసులో, డాబిన్ ఆ పాటనే మళ్ళీ పాడారు. బాణీ అదే, గొంతు అదే. (బాణీ అంటే ట్యూన్. నాకు చాలా ఇష్టమైన తెలుగు మాట.) భాష మాత్రం మావోరీ. ఆయన మావోరీ కాదు, ఆయన మాతృభాష ఇంగ్లీషు. పాత హిట్ పాటలు మళ్ళీ పాడే సీనియర్ గాయకులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కానీ దేశమంతా కంఠస్థం చేసిన సొంత పాటను, మాటలన్నీ మార్చి పాడడం వేరు. అది ఎందుకు పెద్ద విషయమో తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి.

1867లో వచ్చిన ఒక చట్టం మావోరీ పిల్లల బడుల్లో చదువు ఇంగ్లీషులో సాగాలని చెప్పింది. తర్వాతి దశాబ్దాల్లో, బడిలో మావోరీ మాట్లాడితే పిల్లలను కొట్టేవారు. అలా దెబ్బలు తిన్న వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. భాష ఇంట్లోనే ఆగిపోయింది. 1972 సెప్టెంబర్ 14న, ముప్పై వేలకు పైగా సంతకాలతో ఒక వినతిపత్రం పార్లమెంటుకు చేరింది. బడుల్లో మావోరీ నేర్పమని అడిగారు. 1982లో ‘కోహంగా రియో’ బడులు మొదలయ్యాయి. ఆ పేరుకు భాషా గూడు అని అర్థం. అక్కడ చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు మావోరీలోనే మాట్లాడతారు. 1987లో మావోరీ అధికార భాష అయింది.

ఈ కథలో పాటలకు కూడా చోటుంది. 1984లో ‘పోయి ఇ’ అనే పూర్తి మావోరీ పాట నంబర్ వన్ అయింది. పాడింది పాటియా అనే చిన్న ఊరి బృందం. 1999 అక్టోబర్‌లో, లండన్ ట్వికెన్‌హామ్ మైదానంలో, రగ్బీ ప్రపంచ కప్ మ్యాచ్ ముందు హినెవెహి మోహి జాతీయ గీతాన్ని మావోరీలో మాత్రమే పాడారు. ఇక్కడ పెద్ద గొడవ జరిగింది. కానీ ఆ తర్వాత రెండు భాషల్లో పాడడం అలవాటైంది. ఇప్పుడు మా బడి పిల్లలు మావోరీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తారు. అలా కాకుండా ఎలా పాడతారో వాళ్ళకు తెలియదు.

ఆ రోజుకు ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా, 2019లో మోహి ఒక ఆల్బమ్ తెచ్చారు. పేరు ‘వయాటా / యాంథమ్స్’. వయాటా అంటే పాట. పేరున్న గాయకులు తమ హిట్ పాటలనే మావోరీలో మళ్ళీ పాడారు. ఆల్బమ్ నంబర్ వన్ అయింది. బిక్ రుంగా 1997 నాటి తన ‘స్వే’ పాటను పాడారు. ఆమె తండ్రి మావోరీ, తల్లి మలేషియా చైనీస్. అంటే అది ఆమె నాన్న వైపు భాష. మనలాంటి వాళ్ళకు ఈ మాట చాలు, ఇక వివరించక్కర్లేదు.

నన్ను ఆపింది ఆ పాటల పేర్లు. ‘వెల్‌కమ్ హోమ్’ మావోరీలో ‘నౌ మై రా’ అయింది. అందులో ఇల్లు అనే మాటే లేదు. అతిథులను పిలిచే పిలుపు ఉంది, అంతే. ‘స్వే’ అంటే ఊగడం. మావోరీలో అది ‘హాయెరె మై రా’, అంటే ఇలా రా. సిక్స్‌సిక్స్‌టీ బృందం 2011లో పాడిన ‘డోన్ట్ ఫర్గెట్ యువర్ రూట్స్’ ఇంకా బాగుంది. అందులోని వేళ్ళు మావోరీ పేరులో లేవు, ‘ఉకాయిపో’ ఉంది. రాత్రిపూట పాలిచ్చిన రొమ్ము అని ఆ మాటకు అర్థం. మన పుట్టుకకు మూలమైన చోటును అలా అంటారు. తెలుగులో కూడా ‘ఉగ్గుపాలతో నేర్చుకున్నది’ అంటాం కదా! రెండు భాషలకూ పాలే గుర్తొచ్చాయి.

అంటే వాళ్ళు మాటకు మాట పెట్టలేదు. ఈ విషయం మావోరీలో ఎలా అంటారో వెతికారు. ‘వెల్‌కమ్ హోమ్’ను నేను తెలుగులో ఎలా అంటాను? ‘ఇంటికి స్వాగతం’ అంటే బ్యానర్ మీద రాసినట్టు ఉంటుంది. మా అమ్మమ్మ గుమ్మంలో అలా అనదు. ‘వచ్చావా తల్లీ, రా, కాళ్ళు కడుక్కో’ అంటుంది. తెలుగులో నా ‘వెల్‌కమ్ హోమ్’ అదే.

మనకూ ఇలాంటి పాటల బడి ఉంది. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. పిల్లలు ఘంటసాల కాలం నాటి పాటలు పాడేవారు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు వినేవారు. స్వరం ఒక్కటే సరిపోదు, మాట కూడా సరిగ్గా పలకాలని చెప్పేవారు. నాకు ‘ల’కూ ‘ళ’కూ తేడా తెలిసింది ఆ పాత ఎపిసోడ్‌ల వల్లే.

తెలిసిన పాటలో సగం పని ముందే అయిపోయి ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో మీకు తెలుసు. మిగిలింది మాటలే. 2017లో డాబిన్ పాటను మావోరీ రాని శ్రోతలు కూడా కలిసి పాడగలిగింది అందుకే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు పాడే పాట ఒకటి ఉంటుంది. బాణీ మీకు వచ్చు, అర్థం రాదు. వాళ్ళు ఉండగానే అడగండి. ఒక్కో మాటా రాసుకోండి. మావోరీ వాళ్ళు మధ్యలో ఒక తరాన్ని పోగొట్టుకుని, ఎంతో కష్టపడి తిరిగి తెచ్చుకుంటున్నారు. మనకు ఆ తరం ఇంకా ఫోన్ చేస్తే పలుకుతుంది.