ఆదివారం, చచ్చిన గొడ్డు, డప్పు: ఒంగోలు పల్లెల్లో తొలి క్రైస్తవుల కష్టాలు

మన గుంటూరు, ప్రకాశం వైపు క్రైస్తవం చరిత్ర ఎత్తితే ముందు అందరి నోటా వచ్చేది ఒక లెక్క. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం. ఆ లెక్క దగ్గరికి నేనూ వస్తాను. అయితే నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తర్వాత వచ్చిన మామూలు రోజులు. నదిలో మునిగి లేచిన మనిషి తడిబట్టలతో ఊరికి తిరిగెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఆసామి కేకేశాడు. అప్పుడు ఏమైంది? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు కొంచెం నేపథ్యం. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లాలో కలిసింది 1904లో, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. గుంటూరు పట్టణానికి లూథరన్ మిషనరీ హేయర్ 1842లోనే వచ్చారు. ఆ కథ వేరే ఎపిసోడ్ కి ఉంచుదాం. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో ఏళ్ల తరబడి ఉన్నా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ అనే మిషనరీ, భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండకి ఆ పేరే నిలిచిపోయింది. జాన్ ఎవరెట్ క్లౌ, అదే మన వైపు క్లౌ దొర, 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు. 1867 జనవరి 1న సంఘం మొదలుపెడితే సభ్యులు ఎనిమిది మంది.

క్లౌ దొర కంటే ముందు చెప్పాల్సిన పేరు ఇంకొకటి ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకి పడమర నలభై మైళ్ల దూరంలో ఉన్న ఊరి మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందు యోగ గురువుల వెంట తిరిగినవాడు, దేవుడి గురించి ఆరాటం ఉన్నవాడు. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ దగ్గర క్రీస్తు మాట విన్నాడు. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. 1866లో ఇద్దరూ జూయెట్ చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత తన చుట్టుపక్కల పల్లెలన్నీ తనే తిరిగి చెప్పుకొచ్చాడు. 1867 జనవరిలో క్లౌ దొర ఆ ఊరి దగ్గర చింతతోపులో గుడారం వేస్తే, అయిదారు రోజుల్లో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే పొలం దున్నింది పేరయ్య, దొర వచ్చింది కోతకి. మన పుస్తకాల్లో ఈ వరస తరచుగా తలకిందులుగా కనబడుతుంది.

ఇక్కడ దొరకీ ఒక శోధన వచ్చింది. ఒంగోలు బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలని చేర్చుకుంటే మేం రాము అని వాళ్ల పెద్దలు కబురు పెట్టారు. పెద్ద కులాలు పోతే ఎలా అని ఆయన మథనపడ్డాడు. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు వచ్చిందట, మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసినవాళ్లని దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం. అది దైవ సంకల్పమా, కాకతాళీయమా అన్నది మీ ఇష్టం. ఆ నిర్ణయంతో బడి మాత్రం దెబ్బతింది.

సరే, చేరినవాళ్లకి ఏం చెప్పారు? పెద్ద సిద్ధాంతాలు ఏమీ లేవు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇంతే. వినడానికి సండే స్కూల్ పిల్లలకి చెప్పే మాటల్లా ఉన్నాయి కదా? కానీ ఆనాటి పల్లె ఎలా నడిచేదో తెలిస్తే, ఈ మూడూ ఊరి కట్టుబాటుని మూడు వైపుల నుంచి పట్టి లాగాయని అర్థమవుతుంది.

మాదిగకి ఊరితో ఉన్న సంబంధం జీతం సంబంధం కాదండీ. ఊళ్లో గొడ్డు చస్తే తీసుకుపోవాలి, తోలు ఊనాలి, రైతులకి చెప్పులు కుట్టాలి, మోటకి తోలు సంచి కుట్టాలి, కబుర్లు మొయ్యాలి, కొలుపులకి డప్పు కొట్టాలి. దానికి బదులు కళ్లంలో మేర, అంటే పంటలో ఇంత అని గింజలు. చచ్చిన గొడ్డు మాంసం కూడా ఆ బదులులో భాగమే. అది మోసుకెళ్లి, తిన్నంత తిని, మిగిలింది ఎండబెట్టుకునేవాళ్లు. ఏడాదిలో సగం రోజులు అరకడుపుతో ఉండే ఇంటికి అది చిన్న విషయం కాదు. ఊరు ఆ మాంసాన్ని చేతికిచ్చేది, మళ్ళీ అది తింటారనే చెప్పి దూరం పెట్టేది. గొడ్డు చచ్చినప్పుడల్లా వీళ్లే మందు పెట్టారేమో అన్న అనుమానం కూడా వీళ్ల మీదే. కాబట్టి తినం అని మాదిగ చెప్పడం తిండి విషయంలో త్యాగం, పరువు విషయంలో తిరుగుబాటు. తోలు పని మానమని ఎవరూ అనలేదు. కుట్టడం కుడుతూనే ఉన్నారు, తినడం మానారు.

డప్పు సంగతి ఇంకా పెద్దది. పోలేరమ్మ కొలుపులకి, అంకమ్మ కొలుపులకి డప్పు లేకపోతే జాతర నడవదు. ఆ డప్పు మాదిగే కొట్టాలి. మేం కొట్టం అంటే అది ఒక మనిషి మతం విషయంగా ఉండదు, ఊరంతటికీ అమ్మవారి కోపం తెచ్చిపెట్టడం కింద లెక్క. ఆ ఏడు మశూచి వచ్చినా, వానలు పడకపోయినా తప్పు వీళ్లదే. మునసబు, కరణం, పెద్ద రైతులు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, మర్నాటి నుంచి కూలి లేదు. కోమటి ఉప్పు అమ్మడు, చాకలి బట్టలు తీసుకోడు, నీళ్ల దగ్గరికి రానివ్వరు. బాకీ ఉంటే ఇప్పుడే కట్టమంటారు. ఇవన్నీ ఆనాడు చాలా ఊళ్లలో జరిగినవే. కొట్టడాలు, దొంగ కేసులు పెట్టడాలు కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి. బాప్తిస్మం తీసుకున్నవాళ్లని మిషన్ కాంపౌండులోకి తెచ్చి పెట్టుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉండేది. క్లౌ దొర అలా చెయ్యలేదు. మీ ఊళ్లోనే ఉండండి, మీ పనే చేసుకోండి అన్నాడు. అది మంచి నిర్ణయం అనే నేను అనుకుంటాను, ఎందుకంటే దానివల్లే పల్లె పల్లెనా సంఘం నిలబడింది. కానీ ఆ నిర్ణయం ఖరీదు కట్టింది బంగళాలో ఉన్న దొర కాదు. రాత్రి బిడ్డకి జ్వరం వస్తే, పక్కింటి ముసలమ్మ వచ్చి అమ్మవారికి ఒక్క కోడి మొక్కుకోవే అంటే, ఆ గుడిసెలో తల్లి ఒక్కతే జవాబు చెప్పుకోవాలి. మిషన్ రిపోర్టుల్లో చేరినవాళ్ల సంఖ్యలు దండిగా ఉంటాయి. ఆ తల్లి ఏం జవాబు చెప్పిందో రాసే గడి ఆ రిపోర్టుల్లో లేదు.

ఆదివారం దగ్గరికి వద్దాం. పాలేరుకి, కూలికి వారంలో ఒక రోజు తనది అన్న మాట అప్పటిదాకా లేదు. పండగలు ఉన్నాయి గానీ ఆ రోజు ఊరికి పని ఇంకా ఎక్కువ. జొన్న కోతలప్పుడు, నల్లరేగట్లో పత్తి తీతలప్పుడు ఆదివారం రాను అనడం అంటే ఆసామికి ఎదురు మాట్లాడటమే. ఏడు రోజుల్లో ఒక రోజు నా సమయం మీద నీకు హక్కు లేదు అని చెప్పడం. దేవుడి పేరు చెప్పారు గనక చెప్పగలిగారు. సొంత పేరు మీద చెప్పగలిగేవాళ్లని నాకు అనిపించదు.

ఇక కరువు. 1876 నుంచి 1878 దాకా వచ్చినదాన్ని మన పెద్దలు ధాత కరువు అనేవాళ్లు, ధాత నామ సంవత్సరం పేరు మీద. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ దొర కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు. మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. వేలమంది వచ్చి పనిచేశారు. వేరే క్యాంపుల్లో మేస్త్రీ తిట్టేవాడు, కొట్టేవాడు, కూలి కొరికేవాడు. ఇక్కడ మేస్త్రీ తమవాడే, పేరు పెట్టి పిలిచేవాడు. మధ్యాహ్నం అలుపు తీర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పేవాడు.

జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారేమో అన్న భయం. మిషనరీకి ఇంతకంటే పెద్ద శోధన ఉండదండీ. అమెరికాలో చందాలిచ్చేవాళ్లు లెక్కలు అడుగుతారు, ఇక్కడ వేలమంది చేతులు చాచి అడుగుతున్నారు. సరే అంటే పోయేదేముంది? ఆయన ఆగాడు. కరువు పని అయిపోయి, పంచడానికి డబ్బు కూడా లేదని చెప్పాక, ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. మాకు డబ్బేం వద్దు అన్నారట వాళ్లు. కాలువ తవ్విన చేతుల బొబ్బలు చూపించి, కష్టపడి బతుకుతాం, పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్న అర్థంలో చెప్పారని ఆయన తర్వాత రాసుకున్నాడు. జూలై 2న 614 మంది, 3న 2,222, 4న 700. మూడు రోజుల్లో 3,536. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే, ఇద్దరు దిగితే మిగతావాళ్లు అలుపు తీర్చుకుంటూ, వంతుల మీద.

పాలపిండి కోసం, గోధుమపిండి కోసం చేరినోళ్లు అని ఈ రోజుకీ మన వైపు ఒక ఎగతాళి ఉంది. ఎగతాళి చేసేవాళ్లకి ఈ పదిహేను నెలల సంగతి తెలియదు. అలాగని ఆకలికి ఇందులో పాత్రే లేదని వాదించేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. కరువులో తనని మనిషిగా చూసినవాడి దేవుడి వైపు మనసు మళ్లడంలో సిగ్గుపడాల్సిందేముంది? ఆకలి, ఆత్మగౌరవం, భక్తి ఆ గుండెల్లో వేరువేరు గదుల్లో ఉన్నాయని అనుకోవడం మన చదువుకున్నవాళ్ల అలవాటు.

ఇప్పుడు ఆ మూడు నియమాలు ఏమయ్యాయి? చచ్చిన గొడ్డు మాట దాదాపు పాత మాట. డప్పు మాత్రం వింతగా తిరిగొచ్చింది. ఏ డప్పు కొట్టం అని తాతలు దెబ్బలు తిన్నారో, అదే డప్పు పేరు మీద 1994 జూలై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. వెట్టి కింద కొట్టమంటే కొట్టని డప్పు, తమ హక్కు కోసం తమంతట తామే కొట్టారు. దాన్ని గుడి లోపల కొట్టొచ్చా అని కొన్ని సంఘాల పెద్దలు ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉంటారు. నా మటుకు నాకు అందులో అభ్యంతరం ఏమీ కనబడదు.

ఆదివారం మాత్రం ఇవాళ్టికీ కష్టమే. మన దగ్గర మిరపకోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో జోరు మీద ఉంటాయి. శ్రమల దినాలు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. పత్తి తీతలు క్రిస్మస్ కి అడ్డం వస్తాయి. పండిన కాయ చెట్టు మీద ఉంటే రంగు పోతుంది, తాలు పెరుగుతుంది, యార్డులో ధర పడిపోతుంది. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా వచ్చి పొలాల్లో గుడిసెలు వేసుకునే కూలీల్లో ఎంతోమంది విశ్వాసులు. వాళ్లకి ఒక్క రోజు ఆగడం అంటే ఇంటిల్లిపాది కూలి పోవడం. ఇక ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు చూడండి. ఆ రోజు ఆసామి వేరు, విశ్వాసి వేరు. ఇవాళ రెండెకరాలు కౌలుకి తీసుకుని, వడ్డీకి తెచ్చి మిరప వేసినవాడు తనే సంఘ సభ్యుడు. ఆదివారం కూలీలని పిలవాల్సిందీ తనే. నేను చూసిన కొన్ని పల్లెల్లో కోతలప్పుడు ఆరాధన సాయంత్రానికి మారుస్తారు. కొందరు పెద్దలకి అది నచ్చదు.

ఇంకొకటి ఉంది, మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడనిది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలని బీసీ-సి లో పెట్టారు, ఒక శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు. దీన్ని విశ్వాసంలో అబద్ధం అని తేలిగ్గా తీర్పు చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పలేను. ఊళ్లో తనని చూసే చూపు బాప్తిస్మంతో మారనప్పుడు, కాగితం మీద మాత్రం మారిపోవాలనడం ఎక్కడి న్యాయం? అయినా ఆ రెండు పేర్ల మధ్య పెరిగే పిల్లవాడు మొదటిసారి ఫారం నింపేటప్పుడు, మతం అన్న గడి దగ్గర పెన్ను ఆపి నాన్న వైపు చూస్తాడు. ఆ నాన్న ఏం చెప్పాలి?

దీని మీద మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటే అడగండి, వాళ్లు ఏం చేశారో చెప్పించుకుని రాసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ లో హేయర్ దగ్గరికి, గుంటూరు నుంచి పల్నాడు వెళ్లిన ఆ దారి దగ్గరికి వెళదాం. ఉంటానండీ.