రోచోర్ ఏటి మొసలి

మన దేవాలయమునకు వచ్చు కుటుంబములలో గజేంద్రమోక్షము కథ వినని పిల్లలు అరుదు. పోతనామాత్యుడు పదునైదవ శతాబ్దమున తెనిగించిన భాగవతమునందు అష్టమస్కంధమున ఈ కథ కలదు. అక్షరములు నేర్వని మన పెద్దలు సైతము ఆ పద్యములను నోటికి చెప్పగలిగియుండిరి. కూలిపనికై ఓడయెక్కి ఈ దేశములకు వచ్చినపుడు వారి పెట్టెలలో పుస్తకము లేకున్నను పద్యము వెంట వచ్చినది. పద్యముతోపాటు మొసలియు వచ్చినది. అయితే ఈ సింగపూరు దీవియందు వారికంటె ముందే మఱియొక మొసలి ఉండెను. ఆ రెండింటిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1819వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆంగ్లేయులు ఈ దీవియందు స్థావరము నేర్పరచుకొనిరి. విలియం ఫర్కూహర్ అను సేనాని ఇచ్చటి మొదటి రెసిడెంటుగా 1823 వఱకు అధికారము చేసెను. ఆ దినములను గూర్చి మనకు చక్కని సాక్ష్యము విడిచిపోయినవాడు మున్షీ అబ్దుల్లా. ఈయన మలక్కాలో పుట్టినవాడు. వంశమున అరబ్బు రక్తమును తమిళ రక్తమును గలవాడు. తన జీవితచరిత్రమును మలయ భాషలో వ్రాసి 1849లో ఇచ్చటనే అచ్చు వేయించెను. అందొక మొసలి కథ యున్నది. ఫర్కూహర్ ఒకనాడు తన కుక్కతో రోచోర్ ఏటిగట్టున నడుచుచుండగా ఆ కుక్క నీటిలో దిగెనట. మఱుక్షణమే మొసలి దానిని నోట గఱచుకొనెను. అధికారి ఆజ్ఞపై జనులు ఏటికి అడ్డుకట్ట వేసి, మొసలిని ఈటెలతో పొడిచి చంపి, కళేబరమును బ్రాస్ బసా ఏటి యొడ్డున నున్న మఱ్ఱిజాతి చెట్టునకు వ్రేలాడగట్టిరి. ఈ దీవిలో మొసళ్లున్న సంగతి జనులకు అప్పుడే తెలిసినదని అబ్దుల్లా వ్రాసినాడు. జనులనగా క్రొత్తగా వచ్చినవారని మనము అర్థము చెప్పుకొనవలెను. తరతరములుగా కల్లాంగ్ ఏటి మీద పడవలలోనే కాపురముండిన ఓరాంగ్ లౌత్ వారికి మొసలి సంగతి తెలియకపోవునా!

బ్రాస్ బసా యనగా మలయ భాషలో తడిసిన బియ్యము. ఆ యేరు నేడు స్టాంఫర్డ్ కాలువ యను పేర పట్టణవీధుల క్రింద పాఱుచున్నది. రోచోర్ ఏరు కాంక్రీటు గోడల నడుమ కాలువయైనది. దక్షిణపు వైపునుండి సెరంగూన్ రోడ్డునకు వచ్చు భక్తులు ఆ కాలువను దాటియే శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు పోవుదురు. 1855లో ఆ కోవెల వెలసినపుడు ఫర్కూహర్ కుక్క కథ జరిగి నలుబది యేండ్లు గూడ నిండలేదు. మొసలి పట్టిన యేనుగును విడిపించిన స్వామి, మొసలి తిరిగిన ఏటికి ఇంత చేరువలో కొలువుదీరెనని తలచినపుడు నాకెంతో వింతగా నుండును.

ఆ కుక్క కథ చదివిన తెలుగువానికి వేమన జ్ఞప్తికి రాకపోడు. జలమునందు ఏనుగునే లోబఱచుకొను మృగము నేలమీద కుక్కకు సైతము వెఱచునని, బలము ప్రాణిది కాదు, చోటుదని ఆయన చెప్పిన పద్యము మన పాఠశాలలలో పిల్లలకు నేర్పెడివారు. పాపము, ఫర్కూహర్ కుక్కకు ఆ పద్యము తెలియదు. అది నీటిలోనికే దిగినది. భాగవతమునందును ఇదే న్యాయము. వేయి సంవత్సరములు పోరాడగా ఏనుగునకు బలము తఱుగుచు, మొసలికి బలము పెరుగుచు వచ్చినది. పోరు జరిగినది మొసలి యింటిలో గదా!

ఇక ప్రకృతిని చూతము. త్రికూటపర్వతమునందలి సరస్సులో నున్న మొసలి మంచినీటి మొసలి. అట్టిది మన గోదావరీ కృష్ణా నదులలోను చెఱువులలోను ఉండును. తెలంగాణములో మంజీరానది యందు ఆ జాతిని కాపాడుటకై 1978లో అభయారణ్యము నేర్పఱచినారు. హిందీ వారు దానిని మగర్ అందురు. మన సంస్కృత మకరమే ఆ మాట. సింగపూరు మొసలి వేఱు. ఇది ఉప్పునీటి మొసలి. నాలుకమీద నున్న గ్రంథులద్వారా ఒడలిలోని ఉప్పును వెలికి పంపగలదు గనుక సముద్రమునకు వెఱవదు. ఏటిముఖములలో, మడ చెట్ల నడుమ, పోటుపాటులను అనుసరించి తిరుగుచుండును. నేడు భూమిమీద నున్న సరీసృపములన్నిటిలో ఇదియే పెద్దది. మగది అయిదారు మీటర్ల పొడవు వఱకు పెరుగును. 2014లో క్రాంజి జలాశయమున చచ్చిపడియున్న యొక మొసలి సుమారు 400 కిలోలు తూగినది. దినదినమును ఒకే వేళ ఒకే రేవునకు వచ్చు ప్రాణిని ఇది గుర్తుంచుకొని నీటిలో కదలక కాచుకొనియుండును.

మా నాయనమ్మ తోటలోని లైన్లలో నుండిన కాలమున, పోటు వచ్చు వేళ కాలువలో కాళ్లు కడుగవలదని పిల్లలను గదిమెడిది. పేరాక్ నదీముఖమున బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలలో మన తెలుగువారు వందలకొలది పనిచేసినారు. ఆ పల్లపు నేలలలో సముద్రపు పోటు కాలువలలోనికి ఎగబ్రాకును. గోదావరీముఖమున కోరంగి మడ అడవులను ఎఱిగినవారికి ఆ నేల క్రొత్తది కాదు. చెట్టు అదే, బురద అదే, భయము అదే.

మన మలయ ఇరుగుపొరుగువారు ఈ మొసలిని గూర్చి చెప్పు కథ యొకటి నన్ను మిక్కిలి ఆకర్షించినది. సెలాంగూరునందు కొలువు చేసిన వాల్టర్ స్కీట్ అను ఆంగ్లేయుడు మలయ మంత్రవిద్యను గూర్చి 1900లో ప్రకటించిన గ్రంథమున దానిని చేర్చెను. ఒక తల్లి అప్పుడే కూర్చుండ నేర్చిన తన బిడ్డను స్నానము చేయించుటకు ఏటికి తీసికొనిపోయెను. బిడ్డ చేజాఱి నీట పడిపోయెను. తల్లికి ఈత రాదు; ఏడ్చుచు ఇల్లు చేరినది. ఆ రాత్రి బిడ్డ కలలో కనబడి, అమ్మా, ఏడువకుము, నేను మొసలినైతిని, నన్ను పోగొట్టుకొన్న చోటికే రేపు రమ్మనెను. ఆమె పోయి పేరుపెట్టి పిలిచినది. బిడ్డ నీటిపైకి వచ్చెను. నడుమునుండి పైభాగము మనుష్యరూపము, క్రిందిభాగము మొసలి. కొన్ని దినములైన పిమ్మట మరల వచ్చి చూడగా మొత్తము మొసలియే. మొసళ్లు ఉగ్రించి మనుష్యులను పట్టు కాలమున ఆ బిడ్డ పేరు చెప్పి, నీటిపై పేలాలు చల్లి, గట్టున అరటిపండును గ్రుడ్డును ఉంచిన యెడల శాంతించునని వారి నమ్మకము. పేలాలును అరటిపండును మన నైవేద్యములే. గ్రుడ్డు సంగతి యందురా, మన గ్రామదేవతలకు దానిని పెట్టువారు మనలోను కలరు.

ఈ కథ విన్నపుడు కాలడి గ్రామపు కథ తలపునకు రాక మానదు. అచ్చటను ఏరే, అచ్చటను తల్లియే. పూర్ణానదిలో స్నానము చేయుచున్న బాలశంకరుని పాదమును మొసలి పట్టెను. సన్న్యాసమునకు అనుమతించినచో ఇది నన్ను విడుచునేమో యని బాలుడు తల్లిని వేడుకొనెను. ఆమె ఔననెను, మొసలి విడిచెను. బిడ్డ బ్రతికెను గాని ఆమె ఇంటికి ఆ బిడ్డ దక్కలేదు. మలయ తల్లి బిడ్డను మొసలికి కోల్పోయెను, ఆర్యాంబ సన్న్యాసమునకు కోల్పోయెను. ఇద్దఱును ఏటిగట్టున నిలిచి చూచినవారే. ఈ రెండు కథలలోను మొసలిని ఎవ్వరును దుష్టమృగమని తిట్టకపోవుట గమనింపదగినది.

మన గజేంద్రమోక్షమును మాత్రము మనము సగమే చెప్పుచున్నామని నా అభిప్రాయము. చక్రము వచ్చెను, మొసలి తల తెగెను, ఏనుగు బ్రతికెను అని ముగించి పిల్లలను నిద్రపుచ్చుచున్నాము. భాగవతము అంతటితో ఆగలేదు. ఆ మొసలి హూహూ అను గంధర్వుడు. నీటిలో స్నానము చేయుచున్న దేవలమహర్షి పాదమును వేడుకకు లాగినందున మొసలివై పుట్టుమని శాపము పొందినవాడు. కాలు లాగినవానికి కాలు లాగు జన్మమే కలిగెను! చక్రము తగిలినంతనే శాపము తీఱి, స్వామికి మ్రొక్కి తన లోకమునకు పోయెను. ఏనుగు సైతము పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజే. అగస్త్యుని శాపమున గజమైనవాడు. కాబట్టి ఆ దినమున సరస్సునుండి విడుదల పొందినవారు ఇరువురు. ఒక్కరినే చెప్పి రెండవవానిని విడిచిపెట్టుట పోతనకు అన్యాయము.

నవ్వించు మొసళ్లును లేకపోలేదు. పంచతంత్రమునందు కోతి గుండెకాయకై ఆశపడి, అది చెట్టుమీదనే యుండిపోయినదన్న మాట నమ్మి మోసపోయిన మొసలిని మన పిల్లలెఱుగుదురు. మలయ పిల్లలెఱిగినది సాంగ్ కాంచిల్ అను చిన్న ఎలుకజింక కథ. మిమ్ములను లెక్కింపుమని రాజాజ్ఞ యైనదని చెప్పి అది మొసళ్లను వరుసగా నిలిపి, వాని వీపులమీదుగా గంతులువేయుచు ఏరు దాటినది. ఇక మొసలి కన్నీరు అను మాట ఐరోపావారి గ్రంథములలో చిరకాలముగా నున్నది. మన పత్రికలవారు అధికారులను తిట్టుటకు దానిని తఱచుగా వాడుదురు.

నిజమైన మొసలి తల్లి యెట్టిదో చెప్పవలెను. ఉప్పునీటి మొసలి ఆకులు, గడ్డి, బురద కుప్పగా పోసి అందులో నలుబది మొదలు అఱువది గ్రుడ్ల వఱకు పెట్టును. సుమారు మూడు నెలలు దగ్గఱనే యుండి కావలి కాయును. గూటిలోని వేడిమినిబట్టి పిల్లలు మగవో ఆడవో తేలును. లోపలినుండి పిల్లల కూతలు వినవచ్చినపుడు తల్లి కుప్పను త్రవ్వి, వానిని నోట గఱచుకొని నీటికి చేర్చును. కుక్కను పట్టిన దంతములే పిల్లల ఒడలిపై గీతయైనను పడనీయవు.

పందొమ్మిదవ శతాబ్దమున గాంబియరు, మిరియపు తోటలకై ఈ దీవి అడవులు నఱకబడినవి. ఇరువదవ శతాబ్దమున మడ అడవులు మిక్కిలిగా పోయినవి. సముద్రమును పూడ్చి నేల చేసిరి. త్రాగునీటికై ఏటిముఖములకు ఆనకట్టలు కట్టిరి. 1975లో క్రాంజి ఏటికి కట్ట పడినది. 2008లో మెరీనా బరాజు తెఱవబడినపుడు రోచోర్ నీరును మంచినీటి జలాశయమున కలిసినది. ప్రజలకు నీరు కావలసియుండెను గనుక ఆ పని తప్పు అనను. చర్మమునకై మొసళ్లను పెంచు తోటలు ఈ దీవిలో చాలకాలము నడచినవి. చేతిసంచులకును పాదరక్షలకును ఆ చర్మము పోయెడిది. చోటు పోయిన పిదప వేమన చెప్పినట్లు మొసలి బలమును పోయినది.

అయినను అది పూర్తిగా మాయము కాలేదు. ఉత్తరమున జొహూరు జలసంధిని ఆనుకొని సుంగై బులో యను మడ అడవి మిగిలినది. దానిని 1993లో ప్రకృతివనముగా తెఱచి, 2002లో చట్టపూర్వకముగా రక్షిత ప్రదేశము చేసినారు. అచ్చట ఉప్పునీటి మొసళ్లు స్వేచ్ఛగా తిరుగుచున్నవి. అన్నిచోట్ల వానికి అట్టి భాగ్యము లేదు. 2023 అక్టోబరులో దక్షిణమున మెరీనా ఈస్ట్ తీరమున కనబడిన యొక మొసలిని అధికారులు పట్టి, ప్రజల క్షేమమునకై తరువాత ప్రాణము తీసినారు. పిల్లలు ఆడుకొను తీరమున మొసలిని ఉంచుట సాధ్యము కాదు. కాని ఆ వార్త చదివిన దినమున నాకు బ్రాస్ బసా యొడ్డున వ్రేలాడిన కళేబరము గుర్తునకు వచ్చినది. రెండువందల యేండ్ల నడుమ ఆ యొక్క విషయమున మన దీవి ఎక్కువ దూరము నడువలేదు.

సుంగై బులోకు పిల్లలను తీసికొనిపోదలచిన తల్లిదండ్రులు పాటు సమయము చూచి పోవలెను. నీరు తీసినపుడు బురదమీద మొసలి నోరు తెఱచి పడుకొనియుండును. అది కోపము కాదు. ఒడలి వేడిమిని సరిచేసికొను విధము. వంతెనమీదనుండి చూచుట మేలు. హెచ్చరిక పలకలు ఉన్నచోట దారి తప్పి దిగరాదు. ఏ ఆహారమును విసరరాదు. తోక తెగిన మొసలి యొకటి అచ్చటికి వచ్చువారికి ఏండ్లతరబడి పరిచితమైనది. దానిని చూచి మా యింటి చిన్నవాడు, విష్ణుచక్రము దీనికి తోకమీదనే తగిలినదా తాతా, అందుచేతనేనా ఇది ఇంకను గంధర్వుడు కాలేదు, అని అడిగినాడు.