మన్రో చెవి, అనంతపురం మోకాలు

సైనికాధికారి శిక్షణకు రాతపరీక్ష, ఐదు రోజుల ఇంటర్వ్యూ నెగ్గి, చివరకు వైద్య పరీక్షలో ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి సడలింపు ఏమీ లేదా?" ఈ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. అందులో కొంత అనంతపురానిదే.

1800లో నిజాం కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రోను రాయలసీమ నేటికీ తలచుకుంటుంది. ఆయన మొదట సైనికుడు. 1780లో పదాతిదళ కేడెట్‌గా మద్రాసులో దిగి, హైదర్ అలీతోనూ టిప్పుతోనూ జరిగిన యుద్ధాలలో పనిచేశాడు. చిన్నతనంలో వచ్చిన తట్టు వల్ల ఆయనకు వినికిడి మందగించింది. ఆ రోజుల్లో కేడెట్ కావడానికి కంపెనీ డైరెక్టర్ల సిఫారసు ముఖ్యం, చెవి కాదు. నేటి నియమం ప్రకారం అభ్యర్థి వైద్యునికి వీపు చూపి నిలబడి, 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసగా పలికిన మాటను ఒక్కొక్క చెవితో విడివిడిగా వినగలగాలి. మన్రో ఈ గీటు దాటి ఉండేవాడా అన్నది నాకు సందేహమే. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో మరణించాడు. చెవి తీయని ప్రాణాన్ని నీరు తీసింది.

మన్రో కాలంలో తెలుగు సిపాయిలకు ఎంత పేరంటే, ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలను "తిలంగాలు" అనే పిలిచేవారు. ఆ శతాబ్దం చివరికి పరిస్థితి తలకిందులైంది. మద్రాసు సైన్యానికి, తరువాత భారత సైన్యానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ వంటివారు ప్రచారం చేసిన "యుద్ధజాతుల" సిద్ధాంతం దక్షిణాదివారిని పోరాటానికి పనికిరానివారిగా లెక్కగట్టింది. తెలుగువారి భర్తీ దాదాపు ఆగిపోయింది. ఒక్కొక్క మనిషి చెవినీ కన్నునూ చూడకుండానే ఒక జాతి మొత్తానికి "అన్‌ఫిట్" ముద్ర వేయడమన్నమాట. రెండవ ప్రపంచ యుద్ధపు అవసరం ముంచుకొచ్చే వరకు ఆ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ అన్యాయంతో పోలిస్తే, అందరికీ ఒకే టేపు, ఒకే కొలత పెట్టే నేటి వైద్య పరీక్ష ఎంతో మేలు. దాన్ని శత్రువుగా చూడనక్కరలేదు.

అయితే కొలత ఒకటే అయినా, పెరిగిన నేల ఒకటి కాదు. గూర్ఖాలకు, ఈశాన్య కొండప్రాంతాల వారికి, గఢ్వాల్, కుమావూ వారికి కనీస ఎత్తులో 5 సెంటీమీటర్ల మినహాయింపు ఇస్తారు. నేల మనిషి ఎత్తును మలుస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మరి నీరు?

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో బతికే అనంతపురం పీఠభూమిలో చెరువులు ఎండినకొద్దీ బోరు లోతు పెరిగింది. గ్రానైటు రాళ్ళ నడుమ చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరుగుతుంది. ఈ జబ్బును మన దేశంలో మొదట వివరంగా నమోదు చేసినది ఒక సైనిక వైద్యుడే కావడం విశేషం. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో నాటి నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, పళ్ళపై చారలకూ బిగుసుకుపోయిన వెన్నుకూ కారణం తాగునీరేనని చూపించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో రూపాన్ని "లాన్సెట్" పత్రికలో ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడ్ ప్రాంతంలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి ఒరిగి, చీలమండలు ఎడంగా నిలుస్తున్నాయి. దీన్నే నాక్ నీ అంటాం.

సైనిక బోర్డు కొలిచేది సరిగ్గా ఆ ఎడమే. మోకాళ్ళు తాకించి నిలబెట్టినప్పుడు చీలమండల లోపలి ఎముకల మధ్య దూరం పురుషులకు 5, స్త్రీలకు 8 సెంటీమీటర్లు మించకూడదు. తొడలు లావుగా ఉంటే ఎముక వంకర లేకపోయినా ఈ దూరం ఎక్కువగా కనిపిస్తుంది. అటువంటి వారికి బరువు తగ్గితే చాలు. నిజంగా ఎముకే వంగితే, ఎదుగుదల ఆగిన తరువాత మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకొని పడుకున్నా తిరిగి రాదు. ఎముకను కోసి సరిచేసే శస్త్రచికిత్స ఒక్కటే మార్గం.

ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లలకు మోకాలి కొలతలో మినహాయింపు ఇవ్వాలని నేను కోరను. అటువంటి కీళ్ళతో, వీపున బరువుతో కొండలెక్కే పిల్లవాడు మొదటి ఏడాదే కుంటుతాడు. కోరవలసింది వాడికి ఎనిమిదేళ్ళు నిండకముందే, పళ్ళు, ఎముకలు రూపుదిద్దుకునే రోజుల్లో, మంచినీరు. 1990ల నడుమ శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు చేరినప్పుడు ఎన్నో సైనిక వైద్య పరీక్షల ఫలితం అప్పుడే మారిపోయిందని నా నమ్మకం.

ఇక సడలింపు సంగతి. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు "వేవర్" అంటుంటారు. అక్కడ వైద్య బోర్డు ప్రమాణానికి తగలేదని తేల్చినా, ఆ దళం తన అవసరం చూసుకొని మినహాయింపు ఇవ్వవచ్చు. మన దేశంలో అధికారి శిక్షణకు అటువంటి దరఖాస్తు లేదు. ఉన్నది మళ్ళీ చూడమని అడిగే హక్కు. మొదటి బోర్డు అన్‌ఫిట్ అంటే 42 రోజుల లోపు అప్పీలు బోర్డు ముందుకు వెళ్ళవచ్చు. అక్కడా కాదంటే రివ్యూ బోర్డును అడగవచ్చు. అది హక్కు కాదు, సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ విచక్షణ. గడువులు మారుతుంటాయి కనుక మీ నోటిఫికేషన్ స్వయంగా చదవండి.

ఆ 42 రోజులను ఏడుస్తూ గడపకండి. బోర్డు రాసిన కారణాన్ని అక్షరం పోకుండా రాసుకొని, ఆ విభాగపు నిపుణునికి చూపించండి. నాక్ నీ అయితే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి, పడుకోబెట్టి తీసినది పనికిరాదు. చెవి అయితే ఆడియోగ్రామ్‌కు ముందు గుబిలి తీయించండి. పళ్ళ విషయంలో బోర్డు లెక్కించేది కనీసం 14 దంత పాయింట్లు. గోధుమరంగు చారలు వేరు, నమలలేని పన్ను వేరు. పాత శస్త్రచికిత్స ఏదైనా ఉంటే దాని డిశ్చార్జి కాగితం జతచేయండి.