మరణభయం, క్రైస్తవ విశ్వాసం

మరణభయాన్ని జయించడం క్రైస్తవ బోధలో తొలి శతాబ్దం నుంచీ ఉన్న అంశం. చావు రాదని గానీ, వచ్చినా అది చిన్న విషయమని గానీ ఈ బోధ చెప్పదు. చావు శత్రువే, కానీ యేసుక్రీస్తు చనిపోయి తిరిగి లేవడంతో ఆ శత్రువు ఓడిపోయిందన్నది దీనికి మూలం. అయితే ఈ నమ్మకం అన్ని కాలాల్లోనూ ఒకే రకమైన ధైర్యం ఇవ్వలేదు. కొన్ని శతాబ్దాల్లో భయాన్ని తగ్గించిన సంఘమే మరికొన్ని శతాబ్దాల్లో దాన్ని పెంచింది కూడా.

పాతనిబంధన తొలి భాగాల్లో మృతుల చోటు పాతాళం. అక్కడ శిక్ష, బహుమానాల కంటే మౌనం, మరుపు ఎక్కువ. 88వ కీర్తన ఆ చీకటిలోనే ముగుస్తుంది. మృతులు తిరిగి లేస్తారన్న ఆశ దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఈ ఆశ మొత్తాన్నీ క్రీస్తు పునరుత్థానం మీదే నిలబెట్టాడు. అది జరగకపోతే విశ్వాసమే వ్యర్థమని తేల్చి చెప్పాడు. హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం మరణభయాన్ని జీవితకాలపు దాస్యంగా చూసి, ఆ దాస్యం నుంచి విడిపించడానికే క్రీస్తు రక్తమాంసాలు ధరించి చనిపోయాడని బోధిస్తుంది.

అదే కొత్త నిబంధనలోని సువార్తల్లో గెత్సేమనే తోట కూడా ఉంది. సిలువకు ముందు రాత్రి యేసు కలవరపడ్డాడు, శిష్యులను తోడుగా మెలకువగా ఉండమని అడిగాడు. బైబిలు పండితుడు ఆస్కర్ కుల్‌మన్ 1955లో హార్వర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఈ ఘట్టాన్ని సోక్రటీసు మరణం పక్కన పెట్టి చూపాడు. సోక్రటీసు ప్రశాంతంగా విషం తాగాడు, ఎందుకంటే ఆయన దృష్టిలో చావు ఆత్మకు విడుదల. యేసుకు అది దేవుని సృష్టిని పాడుచేసే శత్రువు. కుల్‌మన్ వాదనలో గ్రీకు తత్వాన్ని మరీ సులువు చేశాడన్న విమర్శ ఉన్నా, అసలు విషయం నిలుస్తుంది: చావంటే భయపడడమే అవిశ్వాసమని సువార్తలు ఎక్కడా చెప్పవు.

రోమా సామ్రాజ్యంలో హింస జరిగిన కాలానికి బలమైన సాక్ష్యం పెర్పెతువ రాత. సుమారు 22 ఏళ్ల ఈ తల్లి, చంటిబిడ్డతో కార్తేజి చెరసాలలో ఉండి, 203లో మరణశిక్షకు ముందు తన అనుభవాలు రాసుకుంది. మొదట ఆమెను బాధపెట్టింది చావు కాదు, చెరసాల చీకటి, బిడ్డ గురించిన బెంగ. బిడ్డను దగ్గర ఉంచుకోనిచ్చాక ఆ చెరసాలే తనకు రాజభవనంలా అనిపించిందని రాసింది. ముసలి తండ్రి వచ్చి కాళ్ల మీద పడి బతిమాలినప్పుడు ఆయన కోసం దుఃఖపడింది గానీ మాట మార్చలేదు. కలలో ఆకాశాన్ని అంటే కంచు నిచ్చెన కనిపించింది. దాని అంచుల నిండా కత్తులు, కొక్కేలు; కింద ఘటసర్పం. ఆమె ఆ సర్పం తల మీదే మొదటి అడుగు వేసి పైకి ఎక్కింది.

మూడో శతాబ్దం మధ్యలో సామ్రాజ్యమంతటా తెగులు వ్యాపించింది. కార్తేజి బిషప్ సిప్రియాను 252 ప్రాంతంలో మరణం గురించి ఒక గ్రంథం రాశాడు. విశ్వాసులకు కూడా ఈ రోగం ఎందుకు వస్తోందని అడిగిన సొంత సంఘస్థులకు అది జవాబు. విశ్వాసం రోగం నుంచి మినహాయింపు ఇవ్వదని ఆయన సూటిగా చెప్పాడు. 258లో ఆయనకే శిరచ్ఛేదం జరిగింది. అదే తెగులు కాలంలో అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియు రాసిన లేఖ, రోగుల దగ్గరే ఉండి సేవచేసి, ఆ అంటుతోనే చనిపోయిన విశ్వాసుల గురించి చెబుతుంది.

దుఃఖానికి చోటు ఇవ్వాలా అన్న ప్రశ్న తర్వాతి శతాబ్దంలో వచ్చింది. 387లో ఓస్తియాలో తల్లి మోనికా చనిపోయినప్పుడు అగస్టీను మొదట కన్నీళ్లు బిగబట్టుకున్నాడు. ఆమె పరలోకానికి వెళ్లిందని నమ్మేవాడు ఏడవడం తగదనుకున్నాడు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు దేవుని ముందు ఏడ్చానని, ఆ ఏడుపును తప్పుగా ఎవరూ చూడొద్దని తన ఆత్మకథలో రాశాడు.

మధ్యయుగపు ఐరోపాలో భయం మరణం నుంచి తీర్పు మీదికి మళ్లింది. చివరి ఘడియలో ఆత్మ స్థితిని బట్టే నరకమో, శుద్ధిస్థలమో, పరలోకమో అన్న బోధ మంచం పక్కనే ఒక న్యాయస్థానాన్ని నిలబెట్టింది. 1347 తర్వాత నల్లమృత్యువు అంటుకున్న ఊళ్లలో పాపసంకీర్తనం వినడానికి పాదిరీలే దొరకలేదు. ఈ లోటును తీర్చడానికి పదిహేనో శతాబ్దం మొదట్లో ‘ఆర్స్ మోరియెండి’ పేరుతో మరణ సిద్ధత పుస్తకాలు వచ్చాయి. వీటిలో ప్రసిద్ధమైన చిన్న ప్రతిలో 11 చెక్కబొమ్మలు ఉన్నాయి. అవిశ్వాసం, నిరాశ, అసహనం, గర్వం, ఆస్తి మీద మోజు అనే ఐదు శోధనలు, వాటికి ఐదు ఊరటలు, చివర మరణ దృశ్యం. అక్షరం రాని బంధువు కూడా బొమ్మ చూసి రోగికి ధైర్యం చెప్పే వీలుండేది. పాదిరీ లేని చోట ఇరుగుపొరుగును ఆ పనికి నిలిపిన పుస్తకం ఇది.

మార్టిన్ లూథర్ ఈ భయంలోంచే వచ్చినవాడు. 1505లో పిడుగు దగ్గరగా పడినప్పుడు ప్రాణభయంతో సన్యాసిగా మారతానని మొక్కుకున్నాడు. 1519లో మరణానికి సిద్ధపడడం గురించి రాసిన చిన్న ప్రసంగంలో ఆయన సలహా ఆచరణకు దగ్గరగా ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే చావు గురించి ఆలోచించాలి. అది మంచం దగ్గరికి వచ్చాక దాన్ని కాక క్రీస్తును చూడాలి. అయినా 1542లో కూతురు మాగ్దలేనా 13 ఏళ్ల వయసులో తన చేతుల్లోనే చనిపోయినప్పుడు ఆయన దుఃఖం ఆగలేదు. 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి, బతుకులోనూ చావులోనూ మనిషికి ఆదరణ ఏమిటన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. విశ్వాసి శరీరంతో, ఆత్మతో క్రీస్తుకు చెందినవాడన్నది దాని జవాబు సారం.

1736 జనవరి 25న అమెరికాలోని జార్జియాకు వెళుతున్న ఓడలో జరిగిన సంఘటన ప్రొటెస్టంటు చరిత్రను మలుపు తిప్పింది. మొరేవియా విశ్వాసులు కీర్తన పాడుతుండగా పెద్ద అల విరుచుకుపడి తెరచాప చీలిపోయింది, నీళ్లు లోపలికి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు. మొరేవియావాళ్లు పాట ఆపలేదు. ఓడలో ఉన్న యువ పాదిరీ జాన్ వెస్లీ తర్వాత వారిలో ఒకరిని, ఆడవాళ్లూ పిల్లలూ కూడా భయపడలేదా అని అడిగాడు. వాళ్లకు చావంటే భయం లేదన్న జవాబు వచ్చింది. తనకు ఆ ధైర్యం లేదని గ్రహించిన వెస్లీ, 1738 మే 24న లండన్‌లో పొందిన విశ్వాస అనుభవం దాకా ఆ లోటుతోనే బతికాడు. ఈ మొరేవియావాళ్లే 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ శ్మశానంలో ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన మొదలుపెట్టారు.

అలాంటి ఆచారం తెలుగు నేల మీద కూడా గట్టిగా ఉంది. ఈస్టర్ వేకువన కోస్తా జిల్లాల్లో కుటుంబాలు సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థాన కీర్తనలు పాడతాయి. కతోలికులు నవంబరు 2న మృతులను స్మరిస్తారు. చనిపోయినవారు ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. భూస్థాపనలో, ఆ తర్వాతి ఆదరణ కూడికలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పాడతారు. ఆ పుస్తకానికి పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రచనలు గట్టి పునాది. ఇంట్లోవాళ్లను ఒంటరిగా వదలకుండా సంఘమంతా వచ్చి కూర్చోవడం ప్రసంగం కంటే ఎక్కువ పని చేస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో చావు ఇంటి నుంచి ఆస్పత్రికి మారింది. నర్సుగా, తర్వాత డాక్టరుగా పనిచేసిన క్రైస్తవ విశ్వాసి సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించింది. రోగి బాధలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ కలిసి ఉంటాయని ఆమె చెప్పింది. నొప్పి తగ్గించకుండా దేవుని గురించి మాట్లాడడం ఆమె పద్ధతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన ఉపశమన వైద్య నిర్వచనంలో ఆధ్యాత్మిక సమస్యలకూ చోటు దక్కింది.

విశ్వాసం భయాన్ని తగ్గిస్తుందా అన్నదాని మీద మనోవిజ్ఞాన పరిశోధనల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. 1967లో మనోవిజ్ఞానులు ఆల్‌పోర్ట్, రాస్ చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది: విశ్వాసాన్నే జీవితంగా బతికేవారు ఒక రకం, హోదాకో భద్రతకో దాన్ని వాడుకునేవారు ఇంకొక రకం. 2009లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం ముదిరిన క్యాన్సర్ ఉన్న 345 మందిని పరిశీలించింది. మతం మీద ఎక్కువగా ఆధారపడినవారే చివరి వారంలో వెంటిలేటరు వంటి తీవ్ర చికిత్సలు ఎక్కువగా పొందారని తేలింది. స్వస్థత కోసం చేసే ప్రార్థన, చావుకు సిద్ధపడడం రెండూ ఒకటి కావు. స్వస్థత కూటాలకు పెద్దపీట వేసే సంఘాల్లో ఆ రెండో పని కాపరి విడిగా చేయాల్సిందే.